మంచి యూరియా

మొన్న శనివారం మేం నలుగురం హనుమకొండలో ఒక చైనీస్ హోటల్లో కూర్చున్నాం. నలుగురం అంటే నేను, షాహీన్, గ్రేస్, రాజేశ్వరి. డిగ్రీలో ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్న వాళ్ళం. ఇప్పుడు ఒకరికి షుగరు, ఒకరికి బీపీ, ఒకరికి మోకాళ్ళు. నాకు మూడూ. గ్రేస్ డోర్నకల్ నుంచి పొద్దుటి బండికి దిగింది. రాజేశ్వరి హసన్‌పర్తి నుంచి ఆటోలో వచ్చింది. డాక్టర్లు తినొద్దన్నవన్నీ ఆ మెనూ కార్డులో వరుసగా ఉన్నాయి. మేం ఎప్పటిలాగే స్వీట్ కార్న్ సూపు వన్ బై టూ చెప్పాం. అంటే ఒక సూపును రెండు గిన్నెల్లో పోసి తెమ్మని. ఆ సర్వర్ పిల్లవాడు ఇంగ్లీషులో, తమ దగ్గర అలా ఇవ్వరన్నాడు. రాజేశ్వరి ఊరుకుంటుందా? "అయితే రెండు సూపులు, నాలుగు ఖాళీ గిన్నెలు తే బిడ్డా. పంచుకునుడు మాకు ఎర్కనే," అంది. వాడు మా ముఖాలు చూసి తెచ్చిపెట్టాడు.

సూపు తాగుతూ షాహీన్ తన సంగతి చెప్పింది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరే. అద్దెకున్న ఇంటిని ఓనరు అమ్మేస్తున్నాడట, ఖాళీ చెయ్యాలి. "టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే బాగనే మాట్లాడ్తరే శోభా. నా పేరు చెప్పంగనే ఇల్లు నిన్ననే ఇచ్చేసినమంటరు. బోర్డు మాత్రం గట్లనే యాలాడ్తాంటది. ఇంకొందరు జర నయం, వెజ్జా నాన్ వెజ్జా అని ముంగటనే అడుగుతరు," అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "మా మేడ మీద పోర్షన్ ఖాళీగనే ఉన్నది గదనే. వచ్చెయ్," అన్నాను. షాహీన్ చెంచా కింద పెట్టింది. "నువ్వొక్కదానివి అంటే అయితదా? ఇంట్ల అడుగు ముందుగాల," అంది. ఎవర్ని అడగాలి? ఆ ఇల్లు మా ఆయన పోకముందే నా పేరు మీద రాసిపెట్టాడు. అయినా, ఒకే ఇంట్లో ఉంటున్నాం కదా అని నక్కలగుట్టలో ఇంటికి రాగానే మా అబ్బాయి కార్తీక్‌తో చెప్పాను.

వాడు చెడ్డవాడు కాదు, నా కొడుకని చెప్పడం లేదు. షాహీన్ ఇంట్లో సేమియా తిని పెరిగినవాడే. కానీ నేల చూస్తూ, "ఆంటీ అంటే నాకేం లేదమ్మా, నీకెర్కనే. గని పైన వాళ్ళు అన్నీ వండుకుంటరు. కింద నీ పూజ, నీ వంట. రేపు బజార్ల నలుగురు నాలుగు తీర్ల అంటరు. ఒచ్చే ఆదివారం దాక ఆలోచించు," అన్నాడు. సరేనన్నాను. ఆలోచిద్దామని కూర్చుంటే మా పాత ఇల్లు గుర్తొచ్చింది, మా బాపమ్మ గుర్తొచ్చింది, యూరియా బస్తాలు గుర్తొచ్చాయి. ఇక అవన్నీ రాసేస్తే తప్ప ఊపిరాడేలా లేదని ఇలా కూర్చున్నాను.

మాది వరంగల్ బజారులో ఎరువుల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. మధ్యలో ఒక దర్వాజా, దానికి ఎప్పుడూ ఒక పాత చీరె తెర. ఆ తెరకు అటు యూరియా, పురుగుమందుల ఘాటు. ఇటు ఇంగువ, నెయ్యి. నేను పుట్టి పెరిగింది ఆ రెండు వాసనల నడుమ. బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవారు. నాకు మాత్రం ఇప్పటికీ యూరియా బస్తా విప్పిన వాసన తగిలితే అమ్మ పిలిచినట్టే ఉంటుంది. మా ఇంట్లో గుడ్డు అన్న మాట కూడా గట్టిగా అనకూడదు. వెల్లుల్లి గడప దాటి రాదు, ఉల్లిగడ్డ కూడా ఏకాదశి నాడు రాదు. ఈ చట్టాలన్నీ మా బాపమ్మవి. నాయన తల్లిని మా వైపు బాపమ్మ అంటాం. సన్నగా, వెదురు బద్దలా ఉండేది. పొద్దున లేచి స్నానం చేసి వంటింట్లోకి పోయిందంటే ఇక అది ఆమె రాజ్యం. అమ్మ కూరగాయలు తరిగి గడపలో పెట్టాలి, బాపమ్మ అందుకోవాలి. అందరం వంటింట్లోనే పీటలు వేసుకుని వరసగా కూర్చుని తినాలి. ఎవరైనా మధ్యలో లేస్తే పెద్ద అపచారం. ఆ వరసలో నా పీట బాపమ్మ పక్కన. నాకు నెయ్యి ఎక్కువ పడేది అందుకే.

మధ్యాహ్నం బాపు, అంటే మా నాయన, అన్నం తిని కాసేపు నడుం వాల్చేవాడు. ఆ వేళకు బాపమ్మ దుకాణంలో గద్దె మీద కూర్చునేది. అడకత్తెరతో వక్కలు కత్తిరించుకుంటూ, వచ్చిన రైతునల్లా "ఏ ఊరు బిడ్డా, వానలెట్లున్నయి?" అని అడుగుతూ. ఇంటికీ దుకాణానికీ కలిపి ఒకటే ఫోను, అది ఆ గద్దె పక్కనే ఉండేది. బాపమ్మకు కొంచెం వినికిడి తక్కువ. ఆ సంగతి ఆమె ఒప్పుకునేది కాదు. ఎదుటివాళ్ళే సరిగ్గా మాట్లాడటం లేదనేది. నా కథకు ఆ ఫోనూ ఆ చెవీ చాలా ముఖ్యం.

డిగ్రీలో చేరాక నాకు ఈ ముగ్గురూ దొరికారు. షాహీన్ వాళ్ళది ఖిలా వరంగల్, వాళ్ళ నాయన గడియారాలు బాగుచేసేవాడు. గ్రేస్ తండ్రి రైల్వేలో గార్డు, ఆమె హాస్టల్లో ఉండేది. రాజేశ్వరిది వ్యవసాయం చేసే ఇల్లు. నలుగురం కలిసి ఒక పూట తిందామంటే ఎక్కడ తినాలి? షాహీన్ వాళ్ళింట్లో నేను తినకూడదు. మా ఇంటికొస్తే ఈ ముగ్గురూ దుకాణం దాటి లోపలికి రాకూడదు. రాజేశ్వరి వాళ్ళమ్మ ఎవరు పోయినా కోడి కోసేస్తుంది. పోనీ ఇడ్లీ హోటలుకు పోదామంటే, మా బాపు సోపతిగాళ్ళందరూ అక్కడే పేపర్లు పరుచుకుని కూర్చుంటారు. అప్పుడు గ్రేస్ కనిపెట్టింది, హనుమకొండ చౌరస్తాలో చెప్పుల దుకాణం మీద ఇరుకు మెట్లెక్కి పోతే ఒక చైనా హోటలు. లోపల ఎర్ర బల్బులు, పగలే చీకటి. గోడ మీద నోరు తెరిచిన ఒక పెద్ద డ్రాగన్ బొమ్మ. మా బజారు వాళ్ళు ఒక్కరు కూడా చచ్చినా ఆ మెట్లెక్కరు. అది మా నలుగురిలో ఎవరి వంటిల్లూ కాదు. నూడుల్స్ గురించి ఏ నాయినమ్మా, ఏ దాదీ అప్పటికి ఇంకా ఏ చట్టమూ చెయ్యలేదు.

వంట చేసే ఆయన చైనా వాడేమో, తెలుగు వస్తుందో రాదో అని మొదటిరోజు నేను భయపడ్డాను. రాజేశ్వరి వంటగది కిటికీలోంచి తొంగి చూసి, "ఓసి నీ యవ్వ, గీన మా ఊరి కొమురయ్య పెద్దకొడుకు గాదూ!" అని అరిచింది. అందుకే ఆ ఫ్రైడ్ రైసులో కరివేపాకు ఉండేది. చైనాలో కరివేపాకు ఉంటుందా అని గ్రేస్ అడిగితే, "వాళ్ళకు లేకుంటే మనమేం జేస్తం అక్కా," అన్నాడట ఆయన. శనివారం కాలేజీ ఒంటిపూట. వదలగానే నడుచుకుంటూ పోయేవాళ్ళం. రెండు సూపులు, నాలుగు గిన్నెల్లో. నాకు గోబీ మంచూరియా, గ్రేస్‌కు నేనూ తినాలి కాబట్టి గుడ్డు లేకుండా అమెరికన్ చాప్సీ, రాజేశ్వరికి ఫ్రైడ్ రైసు. ఆ ఫ్రైడ్ రైసులోకి ఆమె ఇంటి నుంచి చిన్న డబ్బాలో మామిడికాయ తొక్కు తెచ్చుకునేది. షాహీన్‌కు చిల్లీ చికెన్. అది చెప్పే ముందు ప్రతిసారీ, "హలాలేనా భయ్యా?" అని అడిగేది. ఆయన ప్రతిసారీ, "ఇంకెన్నిసార్లడుగుతవు బేటీ," అని విసుక్కునేవాడు.

నేను పుట్టి ఇప్పటిదాకా మాంసం ముట్టలేదు. ఆ బల్ల దగ్గర ఎవరూ ముట్టమని అనలేదు కూడా. మా బల్లకు ఒక పద్ధతి ఉండేది. అది పెట్టింది షాహీన్. చికెన్ రాకముందే, ఇంకా ఎవరూ ముట్టని చెంచాతో అన్ని ప్లేట్లలోంచీ మొదట నాకు వడ్డించాలి. "ముందు శోభకు," అనేది. గ్రేస్ పొరపాటున ముందే చెంచా ముంచితే చేతి మీద ఒక్కటి వేసేది. చికెన్ ప్లేటు గోడ వైపు, మంచూరియా నా వైపు, మధ్యలో అందరివీ. శనివారం వెంకన్నకు మొక్కు కాబట్టి రాజేశ్వరి కూడా ఆ పూట నా జట్టే. నా నియమాన్ని నాకంటే జాగ్రత్తగా కాపాడింది ఒక తురక పిల్ల అని మా బాపమ్మకు ఎవరు చెప్పాలి? నన్ను ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగనిది నేనెందుకు చెప్తాను?

ఒకరోజు షాహీన్ పక్కింటి నుంచి మా దుకాణానికి ఫోన్ చేసింది. బాపమ్మ ఎత్తింది. సాయంత్రం నేను ఇంటికి రాగానే, "నీ సోపతి పిల్ల ఫోన్ చేసింది బిడ్డా. సలాం బాపమ్మా అన్నది, ఎంత మరియాద పిల్ల! శనివారం మంచి యూరియా అని చెప్పుమన్నది. వాళ్ళకు పొలమున్నదా?" అంది. మంచూరియా కాస్తా మా బాపమ్మ చెవిలో పడేసరికి మంచి యూరియా అయింది. యూరియా అమ్మే ఇంట్లో ఇంకేమవుతుంది? నేను నోట్లో చున్నీ కుక్కుకుని లోపలికి పరుగెత్తాను. మర్నాడు చెప్తే ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఇక అప్పట్నుంచి మా మధ్య దాని పేరే మంచి యూరియా. "ఈ శనివారం బస్తా ఎత్తుదామా?" అని క్లాసులో చీటీలు కూడా పంపుకున్నాం.

ఆ ఏడు వానలు మంచిగా పడ్డాయి. వరి నాట్లు ఒక్కసారే పడేసరికి యూరియాకు కరువొచ్చింది. తెల్లవారకముందే మా దుకాణం ముందు రైతులు చెప్పులు వరసలో పెట్టి, పక్కన అరుగుల మీద కూర్చునేవారు. బాపుకు అన్నం తినే తీరిక లేదు. ఆ గడబిడలో షాహీన్ ఫోన్ చేసి, జ్వరమొచ్చింది, ఈ శనివారం మంచూరియా కష్టమే అని శోభకు చెప్పండి బాపమ్మా, అంది. బాపమ్మకు ఎలా వినపడిందో ఇక చెప్పక్కర్లేదు. ఆమె మనసు కరిగిపోయింది. అంత మరియాద పిల్ల, పాపం, పంటకు యూరియా దొరకక కష్టపడుతోంది! బాపు నిద్ర లేచేలోపల రెండు బస్తాలు పక్కకు తీయించి, రిక్షాలో వేయించి, ఖిలా వరంగల్లో గడియారాల సాబు ఇల్లు అడుక్కుంటూ పొమ్మని పంపించింది. చిటికెడు మట్టి కూడా లేని ఇంటి ముందు రెండు యూరియా బస్తాలు దిగాయి.

షాహీన్ వాళ్ళ నాయన, మేం చాచా అనేవాళ్ళం, తనది కాని గుండుసూది కూడా ఉంచుకోని మనిషి. జ్వరంలో ఉన్న కూతుర్ని అడిగాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. మర్నాడు పొద్దున్నే ఆయన అదే రిక్షాలో బస్తాలు వేసుకుని మా దుకాణానికి వచ్చాడు. దుకాణం ముందు ఊరంత రైతులు, ఆ రద్దీకి బాపమ్మ కూడా పొద్దున్నుంచే గద్దె మీద. నేను తెర చాటున నిలబడి వింటున్నాను. "సేటూ, మాకు పొలం లేదు. ఇది మాకెందుకొచ్చిందో పిల్లనడిగిన. అది యూరియా కాదంట, మంచూరియా అంట. తినేదంట. మా పిల్ల, మీ పిల్ల, ఇంక ఇద్దరు పిల్లలు శనివారం శనివారం హోటల్ల కూసొని తింటరంట," అన్నాడు. క్యూలో ముందున్న ముసలాయన, "సావుకారమ్మా, జర మాకు గూడ తినే యూరియా సూడు!" అన్నాడు. బజారంతా పకపకా నవ్వింది. బస్తాలు నేలకు దిగీ దిగకముందే ఎవరో భుజానికెత్తుకున్నారు. బాపమ్మ గద్దె మీంచి లేచి, తెర తీసుకుని లోపలికి వచ్చింది. ఆమె ముఖం చూడగానే నాకు నా గతి అర్థమైంది.

"హోటల్ల తిన్నవు. సరే, తిన్నవు. ఆ బల్లకాడ ఎవరెవరు కూసుంటరు?" అని అడిగింది.

"నలుగురం."

"వాళ్ళు ఏం తింటరు?"

"వాళ్ళు తినేది వాళ్ళు తింటరు. నేను తినేది నేను తింట."

"ఒక్క బల్ల మీదనే?"

"ఒక్క బల్ల మీదనే బాపమ్మా."

అమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. బాపు చొక్కా గుండీ పెట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు. బాపమ్మ తీర్పు చెప్పింది. "సదువుకో, ఒద్దన్ననా? సోపతి చెయ్యి, ఒద్దన్ననా? కంచం కాడ మాత్రం వాళ్ళు వేరు, మనం వేరు. ఊరందరిదో తొవ్వ, ఉలిపికట్టెదో తొవ్వ అన్నట్టు నీకొక్కదానికే ఈ రోగమేందే?" నేను తల దించుకోలేదు. ఆ సంగతి ఇప్పటికీ నాకు గర్వమే. "నేను ఒచ్చే శనివారం పోత. దొంగతనంగ గాదు, చెప్పే పోత," అన్నాను. "పోతే నీ పీట వంటింట్ల ఉండదు," అంది బాపమ్మ. మా ఇంట్లో అంతకు మించిన శిక్ష లేదు. బాపమ్మ అన్న మాట మీద నిలబడుతుందని నాకు తెలుసు. నేనూ ఆమె మనుమరాలినే.

శనివారం చైనా హోటల్లో, మా ఇంటి సంగతి విని, ముగ్గురూ ముఖాలు వేలాడేసుకుని కూర్చున్నారు. షాహీన్‌కు జ్వరం తగ్గి కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. షాహీన్ తన సూపు గిన్నె పట్టుకుని లేచి, పక్క బల్ల దగ్గరికి పోయి కూర్చుంది. "నేను ఈడ కూసుంట శోభా. రెండు బల్లలైతే మీ బాపమ్మ ఏమనదు గద. మాట్లాడుకోనీకి ఏముంది, ఈడికెల్లి గూడ ఇనవడ్తది," అంది. నవ్వుతూనే అంది. నేను లేచి పోయి ఆమె రెక్క పట్టుకుని లాక్కొచ్చి పాత కుర్చీలో కూలేశాను. "నువ్వే లేస్తే నేను ఇంట్ల ఎవరి కోసం కొట్లాడ్తాన్ననే? కూసో!" అని అరిచాను. హోటలంతా మావైపు చూసింది. సర్వర్ రాగానే నేనే చెప్పాను: గోబీ మంచూరియా, చాప్సీ, ఫ్రైడ్ రైసు. ఆగి, "ఒక చిల్లీ చికెన్," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చింది అదే మొదటిసారి. షాహీన్ ఏడుస్తూనే, "హలాలేనా అడుగవే," అంది. గ్రేస్‌కు నవ్వాగక సూపు ముక్కులోకి పోయింది. ఆ రోజు తిన్నంత రుచిగా నేను మళ్ళీ ఎప్పుడూ మంచూరియా తినలేదు.

ఇంటికి వచ్చేసరికి నా పీట వంటింట్లో లేదు. వెనక వాకిట్లో, నల్లా పక్కన వేసి ఉంది. దాని ముందు హమాలీలకు పెట్టే సిల్వర్ కంచం. ఆ కంచాలు నేను పుట్టినప్పటి నుంచీ గూట్లో బోర్లించి ఉండటం చూస్తున్నవే. అందులో తినాల్సి వచ్చినప్పుడే వాటి సొట్టలు తెలిశాయి. బాపమ్మ పైనుంచి అన్నం పెట్టింది, చెయ్యి తగలకుండా. పప్పు పోసింది. నెయ్యి వెయ్యలేదు. నేను బాసింపట్టు వేసుకుని, ఒక్క మెతుకు వదలకుండా తిని, కంచం కడిగి బోర్లించాను. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. మారం చెయ్యలేదు, ఉపాసం ఉండలేదు. ఉపాసముంటే జాలిపడి పిలుస్తారు, అది గెలుపు కాదు. ఆకలి వేళకు వచ్చి వాకిట్లో కూర్చుని కడుపునిండా తినడమే నా యుద్ధం. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ ఇంట్లో అప్పుడు ఇద్దరు మొండివాళ్ళం ఉన్నాం.

ఇంకో శనివారం వచ్చింది, చెప్పే పోయాను. నా పీట వాకిట్లోనే ఉండిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం అలా తింటూ ఉంటే అమ్మ వచ్చింది. మా అమ్మ అత్తగారి ముందు పూర్తి వాక్యం మాట్లాడగా నేను వినలేదు. "ఔ అత్తమ్మా," "లే అత్తమ్మా," అంతే. అలాంటి అమ్మ ఒక చేతిలో పీట, ఒక చేతిలో తన కంచం పట్టుకుని వచ్చి నా పక్కన వేసుకుని కూర్చుంది. నేను బిత్తరపోయి చూస్తున్నాను. లోపల్నుంచి బాపమ్మ గొంతు, "నీకేమయిందే? నువ్వెందుకు పోయినవక్కడికి?" అని. అమ్మ అన్నం కలుపుతూనే, "పిల్ల ఒక్కతే తింటాంది అత్తమ్మా," అంది. గట్టిగా అనలేదు. కానీ బాపమ్మకు ఆ మాట మాత్రం సరిగ్గానే వినపడింది.

అప్పుడే బాపు దుకాణంలోంచి అన్నానికి వచ్చాడు. వంటింట్లోకి చూశాడు. ఒక్క కంచం పెట్టి ఉంది, బాపమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. వాకిట్లోకి చూశాడు, మేమిద్దరం. గడపలోనే నిలబడి, "అమ్మా, ఇగ నాకొక్కనికే వడ్డిస్తవా?" అన్నాడు. పదిమంది రైతులతో గొంతు చించుకుని అరిచే మనిషి, చిన్నపిల్లాడిలా అన్నాడు. బాపమ్మ గరిటెను గిన్నెలో ఠంగుమని వేసింది. "ఏడ్వుండ్రి! అందరు లోపటికే ఒచ్చి ఏడ్వుండ్రి! ఆ పిల్లను గూడ రమ్మను, ఎండల కూసొని బొగ్గయితాంది!" అంది. ఏడ్చింది మాత్రం ఆమే. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ నా కంచంలో నెయ్యి వేసింది, మూడు రోజులకు సరిపడా.

ఆమె ఎప్పుడూ సరేనని ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఆమె బాపమ్మే కాదు. తర్వాతి శనివారం నేను జడ వేసుకుంటూ ఉంటే పక్కకు వచ్చి నిలబడి, "పోతానవా?" అంది. "పోతాన్న," అన్నాను. గడప దాకా పోయి మళ్ళీ తిరిగొచ్చి, "ఆ మంచి యూరియాల ఇంగువ ఏస్తడా వాడు?" అని అడిగింది. వెయ్యడని చెప్తే, "మరి గదేం వంటనే," అని మూతి తిప్పుకుంటూ పోయింది.

ఇప్పుడు ఈ ముచ్చటలు చెప్తే మా అబ్బాయి తరం వాళ్ళు నవ్వుతారు. అవన్నీ పాతకాలం అంటారు. నిజమే, ఇప్పుడు ఎవరూ అంటు, మైల అనరు. ఏ పెళ్ళిలోనైనా మంచూరియా ఉంటుంది. మా కోడలు ఇంగువ వేసి చేస్తుంది కూడా. వాకిట్లో హమాలీల కంచాలూ లేవు. కానీ మా బాపమ్మ తనకు ఏది ఇష్టం లేదో ముఖం మీద చెప్పింది. ఎందుకో చెప్పింది. కొట్లాడటానికి నాకొక మనిషి ఎదురుగా ఉంది, ఆ మనిషి ఏడ్చింది, కరిగింది. ఇప్పుడు టులెట్ బోర్డుతో ఎవరు కొట్లాడాలి? ఇల్లు నిన్ననే ఇచ్చేశామని ఫోనులో తీయగా చెప్పేవాడి వాకిట్లో ఎవరు పోయి కూర్చోవాలి? పిల్లలను ఒకే బడికి పంపుతాం, ఒకే ఆఫీసులో పనిచేస్తాం, పండక్కి ఫోన్లలో పూలు పంపుకుంటాం. తిండి దగ్గరికొచ్చేసరికి, ఇల్లు దగ్గరికొచ్చేసరికి, పేరు అడుగుతాం. నాకు ఒళ్ళు మండుతోంది, దాచుకోవడమెందుకు? ఒకప్పుడు నా కోసం వేరే బల్లకు పోతానన్న మనిషి, అరవై ఏళ్ళ వయసులో ఎండలో వీధులు తిరిగి బోర్డులు చదువుకుంటోంది. ఆమెను అప్పుడు రెక్క పట్టుకుని లాక్కొచ్చిన దాన్ని, ఇప్పుడు ఆలోచించి చెప్తానని ఎలా అంటాను?

ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక కార్తీక్ నా గదిలోకి వచ్చాడు. మంచం చివర కూర్చుని, అటూ ఇటూ మాట్లాడి, "ఆలోచించినవా అమ్మా?" అన్నాడు.

"ఆలోచించిన. పొద్దున్నే షాహీన్‌కు తాళంచెవి ఇచ్చొచ్చిన."

వాడు అరవలేదు. అరిస్తే నాకు తేలికగా ఉండేది. తల గోక్కుని, నిజంగా నా గురించే బాధపడుతూ అడిగాడు: "గది కాదమ్మా, వాళ్ళు పైన అవన్నీ వండుకుంటాంటే, కింద నువ్వెట్ల తింటవు?"

"కింద ఎందుకు తింటరా? పైకి పోయి వాళ్ళతోనే తింట."